బీటా ఎక్కినంత సులువుగా దిగలేమెందుకని?

ఫోన్లో బీటా ఎక్కించుకోవడం ఎంతసేపు? సెట్టింగ్సులోకెళ్ళి రెండు నొక్కులు నొక్కితే సరి. కాఫీ తాగొచ్చేలోపు కొత్త ఐఓఎస్సో, కొత్త ఆండ్రాయిడో ముఖం చూపిస్తుంది. నాలుగు రోజులు పోయాక బ్యాటరీ మధ్యాహ్నానికే చచ్చిపోతోందనో, బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదనో పాతదానికే పోదాం అనుకుంటారు చూడండి, అప్పుడు మొదలవుతుంది అసలు సినిమా. కంప్యూటరు కావాలంటుంది, కేబులు కావాలంటుంది, ఫోను మొత్తం చెరిపేస్తానంటుంది. పైగా బీటాలో ఉండగా తీసుకున్న బ్యాకప్పు పాతదాంట్లోకి ఎక్కదంటుంది.

"వాడు కావాలనే చేస్తాడండీ, కొత్త ఫోన్లు అమ్ముకోడానికి" అని ఆఫీసు క్యాంటీన్లో తీర్పు చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నాకు ఈ తీర్పు నచ్చదు. కంపెనీల మీద ప్రేమతో కాదు, ఈ చరిత్ర అంతకంటే చాలా తమాషాగా ఉంటుంది కాబట్టి. పెళ్ళిలోలాగా ఇక్కడా మూడు ముళ్ళున్నాయి. కాకపోతే ఈ మూడూ ఒకే ముహూర్తానికి పడలేదు, వేసినవాడూ ఒకడు కాదు. మొదటిది సంతకం, రెండోది ఫ్యూజు, మూడోది మన డేటా. మొదటి రెండూ తెలిసి వేసినవి. మూడోదాన్ని ఎవరూ వెయ్యలేదు, అదే పడింది. విప్పడానికి అన్నిటికంటే కష్టమైనదీ అదే.

2007లో ఫోను చెరిగిపోతే నాలుగు కాంటాక్టులు, పది పాటలు పోయేవి. ఇప్పుడు మన బ్యాంకు, ఓటీపీలు, యూపీఐ, పిల్లల ఫోటోలు, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలతో వాట్సాపులో మాట్లాడుకున్న మాటలు, అన్నీ అందులోనే. "చెరిపేసి వెనక్కి పోవచ్చు కదా" అనడం ఇల్లు ఖాళీ చేసి పోవచ్చు కదా అన్నట్టుంటుంది.

అసలు వెనక్కి పోవడమనేది ఒక యుద్ధంగా మారింది ఫోన్లలో కాదు, ఆట మెషీన్లలో. సోనీవాడి పీఎస్పీ గుర్తుందా? దాంట్లో 1.50 వెర్షను మీద జనం సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములు నడిచేవి. 2.0 వచ్చాక సోనీ ఆ దారి మూసేసింది. అయితే ఆ 2.0లోనే టిఫ్ బొమ్మల్ని చదివే కోడులో ఒక బొక్క దొరికింది. 2005 సెప్టెంబరులో దాన్ని పట్టుకుని 2.0 నుంచి 1.50కి దించే పనిముట్టు బయటికొచ్చింది. జనం ఎగబడ్డారు. నెల తిరక్కుండానే, అక్టోబరులో, "నేనూ దించుతా" అంటూ ఒక నకిలీ ప్రోగ్రాము వచ్చింది. అది దించలేదు సరికదా, సిస్టం ఫైళ్ళు చెరిపేసి మెషీనుని ఇటుకని చేసి పెట్టింది. పీఎస్పీకి వచ్చిన మొదటి ట్రోజను అదే.

ఈ కథలో కంపెనీలు నేర్చుకున్న పాఠం చాలా సూటిది. బొక్కని కొత్త వెర్షనులో పూడిస్తే సగం పనే అయినట్టు. పాత వెర్షనుకి దారి తెరిచే ఉంటే ఆ బొక్క ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వెనక్కి వెళ్ళే దారిని కూడా మూస్తేనే పూడ్చినట్టు లెక్క.

ఈ పాఠం ఫోన్లవాళ్ళ చెవికెక్కడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. మొదటి ఆండ్రాయిడు ఫోను జీ1 2008 అక్టోబరులో అమెరికాలో టీ-మొబైల్ దగ్గర అమ్మకానికొచ్చింది. దాంట్లో ఆర్‌సీ29 అనే బిల్డులో ఒక నవ్వొచ్చే బగ్గుంది. మీరు కీబోర్డు మీద ఏం టైపు చేసినా, అది కనపడే యాప్‌తో బాటు వెనకాల రూట్ షెల్లుకి కూడా వెళ్ళేది. స్నేహితుడికి మెసేజీ రాస్తూ "రీబూట్" అనే మాట విడిగా ఒక వరుసలో కొట్టి ఎంటర్ నొక్కారనుకోండి, ఫోను నిజంగానే రీబూట్ అయ్యేది! నేను కట్టుకథ చెప్పట్లేదు. గూగులు నవంబరులో ఆర్‌సీ30తో దాన్ని మూసింది. కానీ జనం ఏం చేశారంటే, ఆర్‌సీ29 ఫైలుని మెమరీ కార్డులో పెట్టి, ఫోనుని ఆ పాత బిల్డుకి దించి, రూట్ తీసుకుని మళ్ళీ పైకెక్కారు. ఆ పాత ఫైలు మీద ఉన్నది అధికారిక సంతకమే, దొంగ సంతకం కాదు. "ఇది మా ఫైలేనా?" అని ఫోను అడిగింది, అవునంది. "ఇది పాతదా, కొత్తదా?" అని అడగాలని ఎవరికీ తట్టలేదు.

ఇంచుమించు అదే కాలంలో ఐఫోను వైపు ఇంకో రకం గొడవ. 2007 జూన్ 29న వచ్చిన మొదటి ఐఫోను ఏటీ అండ్ టీకి తాళం వేసి ఉండేది. జనం ఆ తాళం పగలగొట్టారు. సెప్టెంబరులో యాపిల్ ఒక హెచ్చరిక చేసింది, ఇలా తాళం తీసిన ఫోన్లు తర్వాతి అప్‌డేటుతో శాశ్వతంగా పనికిరాకుండా పోవచ్చు అని. సెప్టెంబరు 27న 1.1.1 వచ్చింది, అన్నంత పనీ అయింది. కంగారుపడి 1.0.2కి దించుకున్నవాళ్ళకి అప్పుడు తెలిసిందేమిటంటే ఫోనులో ఉన్నది ఒక సాఫ్టువేరు కాదు, రెండు. తెరమీద కనపడేది కిందికి దిగింది. సిగ్నలు చూసుకునే మోడెం సాఫ్టువేరు మాత్రం ఎక్కినచోటే కూర్చుంది. పాటలు వస్తాయి, కాల్సు రావు.

ఈ మోడెం గోల మనవాళ్ళకి బాగా తగిలింది. ఐఫోను 3జీ మన దేశంలోకి అధికారికంగా 2008 ఆగస్టు 22న వచ్చింది, 8 జీబీది 31 వేల రూపాయలు. అంత పెట్టలేక, ఆన్‌సైటు వెళ్ళినవాడి చేత తెప్పించుకుని తాళం తీయించుకున్నవాళ్ళు మనలో కొల్లలు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్టుకి తీసుకెళ్తే ఆ పని చేసిపెట్టేవాళ్ళు. ఆ తాళం తీసే ఎల్లోస్నో, అల్ట్రాస్నో లాంటి ప్రోగ్రాములు ఫలానా మోడెం వెర్షను మీదే పనిచేసేవి. పొరపాటున అప్‌డేటు నొక్కితే మోడెం పైకెక్కి కూర్చునేది, ఇక్కడి సిమ్ము పనిచెయ్యదు, దించే దారీ లేదు. 2010 నవంబరులో వీళ్ళకోసం ఒక మొండి వైద్యం వచ్చింది. ఐప్యాడు మోడెం సాఫ్టువేరు 06.15ని తెచ్చి ఐఫోనులోకి ఎక్కించడం! తాళం ఊడింది. దాంతో బాటు చాలామందికి జీపీఎస్ కూడా ఊడింది. అక్కణ్ణుంచి కిందికి దించే ఉపాయం దొరికేసరికి 2012 వచ్చేసింది. తెలిసి తెలిసి, తిరుగుదారి లేదని చదువుకుని మరీ జనం ఎక్కించుకున్నారు. మరి 31 వేలు ఆ రోజుల్లో చిన్న డబ్బా?

సరే, మొదటి ముడి దగ్గరకొద్దాం. ఇది పడింది 2009 జూన్లో, ఐఫోను 3జీఎస్‌తో.

అంతకుముందు యాపిల్ సంతకం ఉన్న ఏ వెర్షనైనా ఏ ఫోనులోనైనా ఎక్కేది. ఇదెలాంటిదంటే, తిరుమలలో దర్శనం టికెట్టు మీద పేరూ లేదు, తేదీ లేదు అనుకోండి. టికెట్టు అసలుదైతే చాలు, ఎవరు తెచ్చినా, ఎప్పుడు తెచ్చినా లోపలికి పంపుతారు. 3జీఎస్‌తో టికెట్టు మీద పేరు అచ్చువేయడం మొదలైంది. ప్రతి ఫోను చిప్పులో ఈసీఐడీ అని ఒక సంఖ్య ఉంటుంది, ఏ రెండు ఫోన్లకీ ఒకటి కాదు. రీస్టోర్ చేసేటప్పుడు ఐట్యూన్సు ఆ సంఖ్యని తీసుకుని యాపిల్ సర్వరుకి వెళ్ళి "ఈ ఫోనుకి ఈ వెర్షను ఎక్కించొచ్చా?" అని అడుగుతుంది. సర్వరు సరేనంటే ఆ ఫోనుకి మాత్రమే చెల్లే సంతకం ఇస్తుంది. పాత వెర్షను అడిగితే ఇవ్వదు. అంతే. ఫోనులో ఏమీ మారక్కర్లేదు, పాత ఫైలు మీ హార్డు డిస్కులో భద్రంగా ఉన్నా దాని విలువ సున్నా. ఏ వెర్షను బతికుందో ఏది చచ్చిపోయిందో కుపర్టినోలో ఉన్న సర్వరు చెబుతుంది, డబ్బు పెట్టి కొన్న మనం కాదు.

దీనికి సిడియా తయారుచేసిన జే ఫ్రీమన్ 2009లో కనిపెట్టిన విరుగుడు చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. టికెట్టు మీద పేరుంది సరే, తేదీ లేదు కదా! యాపిల్ ఇచ్చే రోజుల్లోనే మన పేరున సంతకం అడిగి తెచ్చి దాచిపెట్టుకుంటే, రేపు యాపిల్ ఇవ్వడం మానేసినా పాతదే చూపించొచ్చు. ఆయన తన సర్వరులో లక్షల ఫోన్ల సంతకాలు దాచిపెట్టాడు. మనం చెయ్యాల్సిందల్లా హోస్ట్స్ ఫైలులో ఒక వరుస రాసి యాపిల్ సర్వరు పేరుని ఆయన సర్వరు వైపు తిప్పడం. పెద్ద క్రిప్టోగ్రఫీని హోస్ట్స్ ఫైలులో ఒక్క వరుసతో తిప్పికొట్టాడు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో మనం నేర్చుకునే విద్య అది.

2011 అక్టోబరులో ఐఓఎస్ 5తో యాపిల్ ఆ సందు కూడా మూసింది. రీస్టోర్ చేసిన ప్రతిసారీ ఫోను అప్పటికప్పుడు ఒక కొత్త సంఖ్య పుట్టించి, "దీన్ని కలిపి సంతకం చేయించుకురా" అంటుంది. అంటే టికెట్టు మీద పేరుతో బాటు టైం స్లాటు కూడా పడింది. నిన్నటి టికెట్టు ఈ రోజు చెల్లదు. చిప్పు లోపలే బూట్ కోడులో బొక్కలున్న కొన్ని పాత మోడళ్ళు తప్పించుకున్నాయి గానీ మిగతావాళ్ళకి సందు మూసుకుపోయింది. 2013లో ఐఫోను 5ఎస్‌తో వేలిముద్రలు చూసుకునే సెక్యూర్ ఎన్‌క్లేవ్ వచ్చింది, దానికి మళ్ళీ విడిగా ఒక సాఫ్టువేరు, విడిగా ఒక సంతకం. ముడి మీద ముడి.

ఇక్కడ యాపిల్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 2010 ఆగస్టు మొదట్లో జైల్‌బ్రేక్‌మీ అనే సైటు కొత్త రూపంలో వచ్చింది. ఫోనులో సఫారీ తెరిచి, ఆ సైటుకెళ్ళి, ఒక బటన్ జరిపితే జైల్‌బ్రేక్ అయిపోయేది. కేబులు లేదు, కంప్యూటరు లేదు. మనమంతా చప్పట్లు కొట్టాం. కానీ ఆలోచించండి, ఒక వెబ్ పేజీ మీ ఫోనుని పూర్తిగా తన చేతిలోకి తీసుకోగలుగుతోందంటే, ఆ పేజీ రాసింది మంచివాడు కాబట్టి సరిపోయింది. పదిరోజుల్లో 4.0.2తో యాపిల్ ఆ బొక్క పూడ్చింది. 2016 ఆగస్టులో పెగాసస్ బయటపడ్డప్పుడు దాన్ని ఆపడానికి వచ్చిన 9.3.5 కూడా అలాంటిదే. ఫోను చేతికి చిక్కినవాడు దాన్ని డేటా పోకుండా 9.3.4కి దించగలిగితే ఆ పూడిక ఎందుకు? వెనక్కి పోయే స్వేచ్ఛ మనకి ఉంటే మన ఫోను దొరికిన ప్రతివాడికీ ఉంటుంది. ఫోనుకి తేడా తెలీదు.

కాకపోతే, సర్వరు చేతిలో తాళం ఉన్నప్పుడు తియ్యాలనుకుంటే క్షణంలో తియ్యగలరని కూడా గుర్తుపెట్టుకోవాలి. 2014 సెప్టెంబరు 24న ఐఓఎస్ 8.0.1 వచ్చింది. ఐఫోను 6, 6 ప్లస్ ఫోన్లకి సిగ్నలు పోయింది, వేలిముద్ర పనిచెయ్యడం మానేసింది. గంట, గంటన్నరలో వెనక్కి తీసుకున్నారు. అప్పుడు యాపిలే స్వయంగా "ఐట్యూన్సులో 8.0 ఎక్కించుకోండి" అని దించుకునే పద్ధతి రాసి పెట్టింది. అప్పటికి 8.0కి సంతకం ఇంకా ఇస్తున్నారు కాబట్టి సాధ్యమైంది. అలా దించుకున్నాక హెల్త్ యాప్ పనిచెయ్యదనీ అందులోనే రాశారు. చూశారా, ఒక్క చుక్క వెర్షను వెనక్కి, అదీ తయారుచేసినవాడే దగ్గరుండి దించినా, ఏదో ఒకటి విరుగుతుంది. ఎందుకు విరుగుతుందో మూడో ముడిలో చూద్దాం.

రెండో ముడి ఫ్యూజు. సంతకమైతే సర్వరు మనసు మారితే మారొచ్చు. ఫ్యూజు అలా కాదు. చిప్పు లోపల సన్నని ఎలక్ట్రానిక్ ఫ్యూజులుంటాయి, ఒకసారి కాలిస్తే మళ్ళీ అతకవు. కొత్త వెర్షను వచ్చినప్పుడు ఒకటి కాలుస్తారు. బూట్ అయ్యేటప్పుడు కాలిన ఫ్యూజులు లెక్కపెట్టి, ఎక్కించబోయే సాఫ్టువేరు మీద ఉన్న అంకె అంతకంటే తక్కువైతే పొమ్మంటుంది. మైక్రోసాఫ్టు ఎక్స్‌బాక్స్ 360లో 2007లోనే ఈ పని చేసింది. హైపర్‌వైజరులో ఒక బొక్క పూడ్చి, పాత వెర్షనుకి పోకుండా ఫ్యూజు కాల్చేసింది. ఆండ్రాయిడులో 2017లో ఓరియోతో వచ్చిన వెరిఫైడ్ బూట్ కొత్త రూపంలో వెనక్కి పోకుండా చూసే అంకె అధికారికంగా చేరింది. దాన్ని దాచడానికి కొందరు ఫ్యూజులు వాడతారు, కొందరు చెరపడానికి వీల్లేని ఫ్లాష్ మెమరీ మూల వాడతారు.

ఈ ఫ్యూజు దెబ్బ మన దేశంలో తగిలింది 2018లో, రెడ్‌మీ నోట్ 5 ప్రోతో. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఇక్కడ విడుదలై విపరీతంగా అమ్ముడైన ఫోను. మన ఇంజినీరింగు కాలేజీ కుర్రాళ్ళలో రోమ్‌లు మార్చే పిచ్చి ఉన్న ప్రతివాడి చేతిలో అదే. (షావోమీ 2015లో మన శ్రీసిటీలోనే ఫాక్స్‌కాన్‌తో తయారీ మొదలుపెట్టింది కాబట్టి మనకి కొంచెం సొంత మనిషిలా కూడా అనిపించేదనుకోండి.) ఆ ఏడాది మధ్యలో వచ్చిన ఎంఐయూఐ అప్‌డేట్లతో ఆ అంకె 4కి పెరిగింది. ఫాస్ట్‌బూటులో "గెట్‌వార్ యాంటీ" అని కొడితే 4 అని చూపించేది. చూసుకున్నవాడు బతికిపోయాడు. చూసుకోకుండా ఎప్పట్లాగే పాత రోమ్ ఎక్కించినవాడి ఫోను ఇటుకైపోయింది. మామూలుగా చచ్చిన ఫోనుని బతికించే ఈడీఎల్ మోడుకి కూడా షావోమీ అనుమతి ఉన్న అకౌంటు కావాలి, అంటే సర్వీసు సెంటరే గతి. బీటా రుచి చూసి స్టేబులుకి పోదామనుకున్నవాళ్ళు కూడా వీళ్ళలో ఉన్నారు. ఫ్యూజు కాల్చడంలో నాకు తప్పు కనపడదు. కాల్చే ముందు పెద్ద అక్షరాలతో తెరమీద చెప్పకపోవడం మాత్రం దుర్మార్గం.

ఆ విషయంలో గూగులు కొంత నయం. 2022 ఆగస్టులో ఆండ్రాయిడు 13 వచ్చినప్పుడు పిక్సెల్ 6, 6 ప్రో, 6ఏ ఫోన్లకి "బూట్‌లోడరులో అంకె పెరుగుతోంది, ఇక 12కి పోలేరు" అని డౌన్‌లోడు పేజీలోనే రాసింది. అందులో ఇంకో మెలిక. ఈ ఫోన్లలో సిస్టం రెండు గదుల్లో ఉంటుంది, ఒక గదిలో నడుస్తుంటే రెండోదాంట్లో అప్‌డేటు ఎక్కుతుంది. కొత్తది ఒక గదిలో చేరి అంకె పెరిగాక, రెండో గదిలో ఇంకా పాత బూట్‌లోడరే ఉంటుంది. ఎప్పుడైనా ఫోను ఆ గది నుంచి లేవాలని చూస్తే ఇక లేవదు. అందుకని రెండు గదుల్లోనూ కొత్తది ఎక్కించమని గూగులు చెప్పాల్సొచ్చింది. పడిపోకుండా ఉండటానికి పెట్టుకున్న రెండో గదే గొయ్యి అయింది!

ఇప్పుడు మూడో ముడి. సంతకం లేదు, ఫ్యూజు లేదు అనుకుందాం. కంపెనీ మహానుభావుడిలా "పో, ఏ వెర్షనుకి కావాలంటే ఆ వెర్షనుకి పో" అన్నాడనుకుందాం. అయినా పోలేం. ఎందుకంటే పాలు పెరుగవుతాయి గానీ పెరుగు పాలు కాదు.

దీనికి నాకు తెలిసినంతలో గొప్ప ఉదాహరణ యాపిల్ ఫైల్ సిస్టం మార్పు. 2017 మార్చి 27న వచ్చిన ఐఓఎస్ 10.3తో కోట్లాది ఫోన్లలో పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పోయి ఏపీఎఫ్‌ఎస్ వచ్చింది. ఫోటోలు, మెసేజీలు అన్నీ ఉండగానే, ఉన్నచోటే మార్చేశారు. ఎవరికీ తెలీనైనా తెలీలేదు. దీని వెనక రహస్యం ఆ ఏడాది జూన్లో క్రెయిగ్ ఫెడెరిఘీ బయటపెట్టాడు. అంతకుముందు వచ్చిన చిన్న అప్‌డేట్లలోనే, మనకి చెప్పకుండా, ఫోన్లో ఈ మార్పుని ఒకసారి చేసి చూసేవారట. కొత్త ఫైల్ సిస్టం లెక్కలన్నీ రాసి, సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసి, ఫలితం పంపించి, మళ్ళీ పాతదానికి వచ్చేసేవారు. అంటే లక్షల ఫోన్లు కొత్తదానికి వెళ్ళి, నష్టం లేకుండా వెనక్కి వచ్చాయి!

మరి వాళ్ళు వెనక్కి రాగలిగారు, మనమెందుకు రాలేం? కిటుకు ఒకటే. ఆ రిహార్సల్లో పాత లెక్కల పుస్తకాన్ని ముట్టుకోలేదు. కొత్త పుస్తకం పక్కన రాసుకుని, సరిచూసుకుని, చించేశారు. కొత్త పుస్తకంలో మీరు తీసిన మొదటి ఫోటో చేరిందా, ఇక పాత పుస్తకం అబద్ధం అయిపోయినట్టే. వెనక్కి పోవడం ఎంతవరకు సాధ్యమంటే కొత్తదాంట్లో మొదటి అక్షరం రాసేవరకు. బీటా ఎక్కించిన అరగంటలో అలాంటి అక్షరాలు ఎన్ని పడతాయో ఊహించుకోండి. ఫోటోల డేటాబేసు, మెసేజీలది, ఆరోగ్యానిది, కాంటాక్టులది, ప్రతిదానికీ స్కీమా మారుతుంది.

ఇది చేతిలో ఉన్న ఫోనుతో కూడా ఆగదు. 2019 సెప్టెంబరు 19న ఐఓఎస్ 13 వచ్చింది, దాంట్లో రిమైండర్సుని కొత్తగా రాశారు. "అప్‌గ్రేడ్ చెయ్యమంటావా?" అని అడిగింది, జనం సరేనన్నారు. మ్యాక్‌కి దానికి సరిపడే కాటలీనా వచ్చింది అక్టోబరు 7న. ఆ మధ్యలో సరేనన్నవాళ్ళకి ఫోన్లో పెట్టిన రిమైండర్లు పాత మ్యాక్‌లో కనపడవు. ఎండాకాలంలోనే బీటా ఎక్కించినవాళ్ళకైతే నెలల తరబడి ఇదే గోల. ఫోనుని ఐఓఎస్ 12కి దించినా లాభం లేదు, ఎందుకంటే మారింది ఫోను కాదు, ఐక్లౌడులో ఉన్న జాబితా.

మనం రాసే యాప్‌లలో మాత్రం తక్కువ తిన్నామా? ఆండ్రాయిడులో ఎస్‌క్యూలైట్ డేటాబేసు తెరిచే హెల్పర్ క్లాసులో ఆన్‌అప్‌గ్రేడ్ అని ఒకటుంటుంది, రాయకపోతే కంపైలు కాదు. ఆన్‌డౌన్‌గ్రేడ్ అని ఇంకోటుంది, అది రాయకపోయినా పర్లేదు. రాయకపోతే అది చేసే పని ఏమిటంటే, ఎక్సెప్షను విసిరి యాప్‌ని పడగొట్టడం. మీలో ఆన్‌డౌన్‌గ్రేడ్ రాసినవాళ్ళు చేతులెత్తండి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ప్రతి ఛేంజ్ రిక్వెస్టులోనూ రోల్‌బ్యాక్ ప్లాను అని ఒక గడి ఉండేది. ప్రతిదాంట్లోనూ ఒకే వాక్యం కాపీ-పేస్టు చేసి ఉండేది, "బ్యాకప్పు నుంచి రీస్టోర్ చేస్తాం" అని. శనివారం అర్ధరాత్రి మైగ్రేషను అయి, ఆదివారమంతా కస్టమర్లు కొత్త పట్టికల్లో రాసుకున్నాక, సోమవారం బ్యాకప్పు రీస్టోర్ చేస్తే ఆదివారం ఏమవుతుందని ఏ రివ్యూలోనూ ఎవరూ అడిగేవారు కాదు. ఫోను కంపెనీ మనకి చెబుతున్నదీ అచ్చంగా అదే రోల్‌బ్యాక్ ప్లాను. చెరిపెయ్, పాత బ్యాకప్పు ఎక్కించు. ఆదివారం సంగతి అడక్కు.

వెనక్కి వెళ్ళే మైగ్రేషను రాయాలంటే డబ్బు, టెస్టింగు రెండూ రెట్టింపు. అది వాడేది వందలో ఎందరో. పైగా దాంట్లో బగ్గుంటే పోయేది జనం ఫోటోలు. ఏ మేనేజరూ ఒప్పుకోడు, నేనైనా ఒప్పుకోను.

ఆండ్రాయిడులో దీనిమీద ఇంకో పొర. మీ డేటాని గుప్తం చేసే తాళంచెవులు ఓఎస్ వెర్షనుకీ, సెక్యూరిటీ ప్యాచి తేదీకీ ముడిపడి ఉంటాయి. కొత్తదానికి పోతే తాళంచెవి కూడా అప్‌గ్రేడ్ అవుతుంది. అక్కణ్ణుంచి వెనక్కొస్తే పాత సిస్టం దాన్ని వాడలేదు. డేటా ఫోనులోనే ఉంటుంది, చదవలేం. అందుకే చెరపడం తప్పదు.

ఈ మూడు ముళ్ళూ పడ్డాక బీటాలని ఊరందరికీ పంచిపెట్టారు చూడండి, నాకు కోపమొచ్చేది అక్కడ. మొదట్లో ఐఓఎస్ బీటా కావాలంటే ఏడాదికి 99 డాలర్లు కట్టిన డెవలపరై ఉండాలి. అతని దగ్గర టెస్టింగుకి వేరే ఫోను ఉంటుంది, చెరిగినా బాధలేదు. 2015 మార్చిలో 8.3తో పబ్లిక్ బీటా మొదలైంది. 2016లో ఆండ్రాయిడు ఎన్‌తో గూగులు కూడా గాలిలోంచే బీటా పంపడం మొదలుపెట్టింది, మధ్యలో వద్దంటే ఫోను చెరిగిపోతుందనే షరతుతో. 2023లో యాపిల్ డెవలపర్ బీటాని కూడా అందరికీ ఉచితం చేసింది. లోపలికి వచ్చే గుమ్మం ఏటేటా వెడల్పవుతూ వచ్చింది, బయటికి పోయే గుమ్మం 2011లో ఉన్నంతే ఉంది. అభిమన్యుడికి ఆ పద్మవ్యూహంలోకి పోవాల్సిన అవసరమైనా ఉంది, మనకి వాల్‌పేపరు మీద మోజు తప్ప ఏముంది?

ఒకసారి ఇరుక్కుంటే ఏం చెయ్యాలో రెండు ముక్కల్లో చెబుతాను. తొందరేం లేకపోతే బీటా అప్‌డేట్లు ఆపేసి, అసలు వెర్షను విడుదలయ్యేవరకు ఆగి, దాన్ని ఎక్కించుకుంటే డేటా పోదు. ఆండ్రాయిడులోనూ అంతే, స్టేబులు వచ్చాక, తర్వాతి బీటా ఎక్కకముందే బయటికొచ్చెయ్యాలి. ఐఫోనుకి బీటా ఎక్కించేముందు కంప్యూటరులో తీసిన బ్యాకప్పుని ఆర్కైవ్ చెయ్యాలి, లేకపోతే బీటాలో తీసిన బ్యాకప్పు దానిమీద రాసేస్తుంది. ఓపిక పట్టడం కూడా ఒక్కోసారి పరీక్షేలెండి. 2018 ఆగస్టు చివర్లో ఐఓఎస్ 12 బీటా వాడుతున్నవాళ్ళకి తేదీల లెక్కలో బగ్గుతో ఫోను తెరిచిన ప్రతిసారీ "కొత్త అప్‌డేటు వచ్చింది, బీటా మార్చుకో" అని వచ్చేది. అప్‌డేటు చూస్తే ఉండదు. మర్నాడు ఇంకో బీటా ఇచ్చి నోరు మూయించారు.

కంపెనీలు ఏం చెయ్యొచ్చు? మొదటి ముడి వదులు చెయ్యడం వాళ్ళ చేతిలో పని. పాత మేజర్ వెర్షనుకి సెక్యూరిటీ పూడికలు ఇస్తూ, దానికి ఒక ఏడాది సంతకం ఇస్తే ఏం పోతుంది? 2021లో యాపిల్ అలాంటి ఆశే పెట్టింది, ఐఓఎస్ 15 వచ్చాక కూడా 14లోనే ఉండి పూడికలు తీసుకోవచ్చని. 2022 జనవరికల్లా అది తాత్కాలికమేనంటూ ఎత్తేసింది. అదీ కిందికి దిగడం కాదు, పైకెక్కకుండా ఉండటం మాత్రమే. దానికే అంత ఆయుష్షు.

సాంకేతికంగా కుదరదని మాత్రం ఎవరైనా అంటే పిక్సెల్ 6 సంగతి గుర్తుచెయ్యండి. ఆండ్రాయిడు 13తో అంకె పెరిగి దారి మూసుకుపోయాక, యాప్‌లు పరీక్షించుకోవడానికి మాకు 12 కావాలని డెవలపర్లకి అవసరం పడింది. అప్పుడు గూగులు పాత ఆండ్రాయిడు 12నే తీసుకుని, బొక్క పూడ్చి అంకె పెంచిన కొత్త బూట్‌లోడరుతో కలిపి, ఆ మూడు ఫోన్లకీ ప్రత్యేకంగా ఇమేజీలు తయారుచేసి పెట్టింది. పైన పాత ఇల్లే, కింద కొత్త పునాది. ఫ్యూజు ఒప్పుకుంది, సంతకం ఒప్పుకుంది, ఫోను లేచింది. డేటా మాత్రం చెరిగింది.